పాత పికప్ ట్రక్కులలో ఆటోమేటిక్ గేరుబాక్సు మార్పిడి

ఒక సంవత్సరపు నమూనాకు చెందిన పికప్ ట్రక్కు నుండి ఆటోమేటిక్ గేరుబాక్సును తీసివేసి, దాని స్థానంలో మరొక సంవత్సరపు నమూనాకు చెందిన గేరుబాక్సును అమర్చడాన్ని '''ఆటోమేటిక్ గేరుబాక్సు మార్పిడి''' అంటారు. అమెరికా, కెనడా దేశాలలో పాత పికప్‌లను స్వయంగా బాగుచేసుకునే యజమానులు ఈ పనిని తరచుగా చేపడతారు. తుక్కు యార్డులో దొరికే గేరుబాక్సు కొత్తదాని కన్నా చాలా చౌక కావడం ఇందుకు ముఖ్య కారణం. ఈ వ్యాసంలో జనరల్ మోటార్స్ సంస్థ షెవ్రోలే, జీఎంసీ పేర్లతో అమ్మిన పికప్‌లను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

రెండు గేరుబాక్సులు ఒకే ఇంజనుకు బోల్టులతో చక్కగా బిగిసినంత మాత్రాన ఒకదాని బదులు మరొకటి పనిచేస్తుందని చెప్పలేము. ఇంజను మీద ఎంత భారం పడుతున్నదో గేరుబాక్సుకు తెలిసే పద్ధతి కాలంతో పాటు మారుతూ వచ్చింది. మార్పిడిలో నష్టం ఎక్కువగా అక్కడే సంభవిస్తుంది.

== నేపథ్యం ==

ఈ సంస్థ పికప్‌లలో చాలాకాలం మూడు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సులే ఉండేవి. వీటిలో బరువు పనులకు వాడే టర్బో హైడ్రామాటిక్ 400 1964లోనూ, సాధారణ వాహనాలకు వాడే టర్బో హైడ్రామాటిక్ 350 1969లోనూ వచ్చాయి. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత, 1975లో అమెరికా ప్రభుత్వం ఇంధన పొదుపు ప్రమాణాలకు చట్టం చేసింది. ఈ ఒత్తిడి ఫలితంగా 1982 నమూనాలలో నాలుగు గేర్ల 700ఆర్4 ప్రవేశించింది. 1990లో దీని పేరును 4ఎల్60గా మార్చారు. ఇందులో 4 గేర్ల సంఖ్య, ఎల్ ఇంజను నిలువుగా అమర్చబడినదనే సూచన, 60 సాపేక్ష బలం. 1993లో కంప్యూటరు ఆధీనంలో పనిచేసే 4ఎల్60-ఇ పికప్‌లలోకి వచ్చింది.

700ఆర్4 మొదటి గేరు నిష్పత్తి 3.06, నాలుగవది 0.70. టర్బో 350లో మొదటిది 2.52, చివరిది 1.00. యజమానులు మార్పిడికి ఎందుకు ఆశపడతారో ఒక లెక్కతో తెలుస్తుంది. టైరు వ్యాసం 74 సెంటీమీటర్లు, వెనుక ఇరుసు నిష్పత్తి 3.73 అనుకుందాము. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పాత గేరుబాక్సుతో ఇంజను నిమిషానికి సుమారు 2,670 చుట్లు తిరగాలి. నాలుగవ గేరుతో సుమారు 1,870 చుట్లు సరిపోతాయి. పెట్రోలు, చప్పుడు రెండూ తగ్గుతాయి.

== భారం తెలిసే పద్ధతులు ==

మన ప్రాంతంలో లారీ, జీపు నడిపేవారు చెవితో ఇంజను శ్రమను పసిగట్టి గేరు మారుస్తారు. ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఆ సమాచారం వేరే దారిలో అందాలి. గేరు ఎప్పుడు మారాలన్నది మాత్రమే కాక, లోపలి క్లచ్ పలకలను నూనె ఎంత ఒత్తిడితో నొక్కి పట్టాలన్నది కూడా ఈ సమాచారం మీదే ఆధారపడి ఉంటుంది. ఒత్తిడి చాలకపోతే పలకలు జారి, వేడెక్కి, కాలిపోతాయి.

టర్బో 350, 400లలో ఈ పని వాక్యూమ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా చేస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను మానిఫోల్డులో శూన్యత తగ్గుతుంది, నూనె ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం ఊడిపోతే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. డ్రైవరు వెంటనే గుర్తిస్తాడు.

700ఆర్4లో మాడ్యులేటర్ లేదు. కార్బ్యురేటరు త్రాటిల్ మీట నుండి గేరుబాక్సు లోపలి కవాటానికి ఒక ఉక్కు తీగ వెళుతుంది. దీనిని టీవీ కేబుల్ అంటారు (టీవీ అంటే త్రాటిల్ వాల్వ్, టెలివిజన్‌తో సంబంధం లేదు). పాత గేరుబాక్సులో ఉండే కిక్‌డౌన్ తీగ కూడా చూడటానికి ఇలాగే ఉండటం వల్ల చాలామంది దీనిని అదేననుకుంటారు. కిక్‌డౌన్ తీగ గట్టిగా తొక్కినప్పుడు గేరు దించడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. అది సరిగా లేకపోయినా బండి నడుస్తుంది. టీవీ కేబుల్ అలా కాదు, ప్రతి క్షణం నూనె ఒత్తిడిని నిర్ణయించేది అదే. వేరే కంపెనీ కార్బ్యురేటరు బిగించినప్పుడు దాని మీట పొడవు, తీగ లాగే కోణం తేడాగా ఉంటే, త్రాటిల్ సగం తెరిచినా తీగ తగినంత లాగబడదు. నెమ్మదిగా నడిపితే అంతా బాగున్నట్లే ఉంటుంది. బరువు వేసి ఎత్తు ఎక్కేటప్పుడు మూడవ, నాలుగవ గేర్ల క్లచ్ పలకలు మాడిపోతాయి. అందువలన సరైన కోణమిచ్చే బ్రాకెట్టు, ఒత్తిడి కొలిచే గేజీ లేకుండా ఈ మార్పిడి చేయడం తెలివైన పని కాదు.

4ఎల్60-ఇలో తీగ కూడా లేదు. త్రాటిల్ స్థితిని, బండి వేగాన్ని సెన్సర్ల ద్వారా తెలుసుకొని కంప్యూటరు ఆజ్ఞలిస్తుంది. ఎ, బి అనే రెండు సోలినాయిడ్లు గేరును నిర్ణయిస్తాయి. రెండూ పనిచేస్తే మొదటి గేరు, బి ఒక్కటే పనిచేస్తే రెండు, రెండూ ఆగితే మూడు, ఎ ఒక్కటే పనిచేస్తే నాలుగు. దీనిని బట్టి విద్యుత్తు అందకపోతే 'డి' స్థానంలో బండి మూడవ గేరులోనే కదులుతుందని, నూనె ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుందని గ్రహించవచ్చు. కార్బ్యురేటరు ఉన్న పాత ట్రక్కుకు దీనిని బిగించాలంటే ప్రత్యేక కంట్రోలరు, త్రాటిల్ సెన్సరు కావాలి.

పేరు ఒకటే అయినా ఈ గేరుబాక్సులో సంవత్సరాల తేడా ఉంది. 1993-94 గేరుబాక్సులలో టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ పడటం, వదలటం మాత్రమే ఉండేది. 1995లో దానిని క్రమంగా పట్టించే అదనపు సోలినాయిడ్ వచ్చింది. 1996లో మూడు నుండి రెండుకు దింపే సోలినాయిడ్ రకం మారింది. అందుచేత 1994 ట్రక్కు కంప్యూటరు 1996 గేరుబాక్సును సరిగా నడపలేదు.

== కొలతలు, కన్వర్టర్ ==

పొట్టి తోక గల టర్బో 350 పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, 700ఆర్4 సుమారు 78. కాబట్టి కింద ఆధారంగా ఉండే చాసీ అడ్డదూలాన్ని వెనుకకు జరిపి, ప్రొపెల్లర్ షాఫ్టును కోయించి పొట్టి చేయించాలి. రెండింటి వెనుక షాఫ్టుకూ 27 గాళ్ళే కాబట్టి యోక్ పనికివస్తుంది. టర్బో 400కు 32 గాళ్ళు, దాని యోక్ పనికిరాదు.

1982-84 నాటి 700ఆర్4 ముందు షాఫ్టుకు 27 గాళ్ళు, తరువాతి వాటికి 30. పాత కన్వర్టర్ కొత్త గేరుబాక్సులోకి దిగదు. 1986లో షెవ్రోలే చిన్న వి8 ఇంజనుకు వెనుక సీలు మారినప్పుడు ఫ్లెక్స్‌ప్లేటు బోల్టుల వలయం కూడా చిన్నదైంది. ఎస్-10 అనే చిన్న పికప్‌లో 2.8 లీటర్ల వి6 వెనుక ఉండే 700ఆర్4 అయితే వి8కు అసలు బిగియదు. ముందు భాగం ఆకృతే వేరు. తుక్కు యార్డులో మోసపోయేది ఇక్కడే.

బిగించేటప్పుడు కన్వర్టర్‌ను పంపులోకి పూర్తిగా కూర్చోబెట్టాలి. గేరుబాక్సు ఇంజనుకు ఆనుకున్నాక ఫ్లెక్స్‌ప్లేటుకు, కన్వర్టర్‌కు మధ్య సుమారు 3 నుండి 5 మిల్లీమీటర్ల సందు ఉండి, కన్వర్టర్ చేతితో తేలికగా తిరగాలి. సందు లేకుండా బోల్టులు బిగించి లాగితే పంపు పగిలిపోతుంది.

== భద్రత ==

మూడు గేర్ల, నాలుగు గేర్ల గేరుబాక్సులలో మీట ఆగే స్థానాల మధ్య దూరం ఒకటి కాదు. లింకేజీ సరిచేయకపోతే ముల్లు 'పి' చూపిస్తున్నా లోపలి పార్కింగ్ కొక్కెం పూర్తిగా పడకపోవచ్చు. అప్పుడు వాలులో నిలిపిన ట్రక్కు దానంతటదే కదిలి, ముందున్న మనిషి మీదికి వస్తుంది. 1973-87 పికప్‌లలో ఇంజను 'పి', 'ఎన్' స్థానాలలో మాత్రమే స్టార్టు కావడానికి ఉన్న స్విచ్చి స్టీరింగు కాలమ్ మీద ఉండేది. దానికి అడ్డుతీగ కలిపి వదిలేస్తే బండి గేరులో ఉండగానే స్టార్టు అవుతుంది. ఇటువంటి అతుకు ఉన్న ట్రక్కును, గేరుబాక్సు ఎంత బాగా పనిచేస్తున్నా, రోడ్డు మీదికి తీసుకురాకూడదు.

== నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రక్కులు ==

వీటిలో గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది కనుక మార్పిడి మరింత కష్టం. 1987 వరకు వచ్చిన పికప్‌లలో ముందు ఇరుసుకు వెళ్ళే షాఫ్టు కుడివైపున ఉండేది. 1988లో కొత్త ఆకృతితో వచ్చిన పికప్‌లలో అది ఎడమవైపుకు మారింది. అందువలన 1988 తరువాతి పికప్ నుండి గేరుబాక్సును, ట్రాన్స్‌ఫర్ కేసును కలిపి తెచ్చినా పాత ట్రక్కు ముందు ఇరుసుకు అది అందదు. పాత ట్రాన్స్‌ఫర్ కేసునే ఉంచుకొని, రెండింటి మధ్య సరిపోయే అడాప్టరును, షాఫ్టు గాళ్ళను ముందుగా సరిచూసుకోవలసి ఉంటుంది.