గిలకనుండి విన్చి వఱకు



బడిలో గిలకపాఠము చెప్పునపుడెల్ల నేను ఆర్కిమిడీసును తలచుచుండెడివాడను. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున సిరక్యూసు రాజగు హైరో యెదుట ఆతడు సరకులతో నిండిన యోడను గిలకల సాయమున, కూర్చుండియే లాగెనని ప్లూటార్కు వ్రాసెను.

ఆ విద్యయే నేడు బురదలో దిగబడిన జీపులను వెలికిదీయుచున్నది. అమెరికాలో వార్న్ సంస్థ 1959లో అట్టి బండ్లకు విద్యుత్తుచే త్రాడు చుట్టు విన్చిని వెలువరించెను.

దానిని కొనువారు బండి నిండుబరువునకు ఒకటిన్నర రెట్లు లాగుదానిని ఎన్నుకొనవలెను. 2,000 కిలోల బండికి 3,000 కిలోలు. ఆ బలమైనను డ్రమ్ముపై త్రాటి మొదటి వరుసయందే పూర్తిగా నుండును. గిలక నొకదానిని చేర్చిన లాగుడు రమారమి రెట్టించును, వేగము సగమగును.

ఉక్కుత్రాడు తెగెనేని కొరడావలె విసరి ప్రాణము తీయును. కావున దానిపై బరువైన గుడ్డ కప్పి, జనులను దూరముగా తొలగింపుడు. బండి నేడు కాకున్న రేపు వెడలును. పోయిన ప్రాణము రాదు.