మాల్‌లో వెలిగే నక్షత్రం, గుమ్మానికి కట్టలేని నక్షత్రం

విశాఖ మద్దిలపాలెంలాంటి కూడళ్లలో డిసెంబర్ అంటే డిస్కౌంట్ల నెల. మాల్‌లో క్రిస్మస్ చెట్టు దగ్గర సెల్ఫీ దిగేవాళ్లను మతమేమిటని ఎవరూ అడగరు. అదే నక్షత్రాన్ని ఒక దళిత కుటుంబం తన గుమ్మానికి కడితే లెక్క మారిపోతుంది.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు 3వ పేరా మొదట హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. పల్లెలో కులం పేరుతో తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం తీసుకున్నావా అని ఆగి అడగడు కదా!

పండగను మార్కెట్ మింగేసిందన్న మాట నిజమే. అయితే విశ్వాసాన్ని, సరుకును వేరుగా చూడాలన్న పట్టింపు తెలుగు దళిత క్రైస్తవానికి పాతదే. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి పని చూపించాడు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు.

ఇప్పుడు సెమీ క్రిస్మస్ వేదికలెక్కి అన్ని పార్టీల నాయకులూ కేకు కోస్తున్నారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం కూడా చేసింది. 3వ పేరాను మార్చాల్సింది మాత్రం పార్లమెంటు. ఈలోగా సర్టిఫికెట్ భయంతో నక్షత్రం కట్టడానికి వెనకాడే ఇళ్లు ఉన్నాయి.