లినక్స్ వేసే ముందు: 1991 నుంచి మన తెలుగు ఫైళ్ళ దాకా



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మారుదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, దానికి తగిన ప్రాసెసర్ ఉండాలి. సుమారు 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. అందుకే ఈమధ్య మనవాళ్ళలో నలుగురు కలిస్తే "లినక్స్ వేస్తే పాత మిషన్ నడుస్తుందట కదా?" అనే మాట వస్తోంది. నడుస్తుంది. లినక్స్ వేయడం ఒక గంట పని. వేసే ముందు సర్దుకోవడమే అసలు పని. మామూలు ఇంటికి అది ఒక ఆదివారంతో తీరుతుంది. కానీ ఇరవై, ముప్పై ఏళ్ళుగా తెలుగులో టైపు చేయించిన కాగితాలు కంప్యూటర్లో ఉన్న సంఘాలకి కొన్ని నెలలు పడుతుంది. ఎందుకంత అని అడిగేవారి కోసం ఈ వ్యాసం. జవాబు చరిత్రలో ఉంది.

1991లో మూడు పనులు జరిగాయి. అప్పట్లో ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేదు. ఈనాడు మన బల్ల మీద మూడూ కలుస్తున్నాయి.

మొదటిది, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ళ లినస్ టోర్వాల్డ్స్ ఆ ఏడు ఆగస్టు 25న, తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నానని తోటివారికి తెలియజేశాడు. అదే లినక్స్. అంతకు ముందు 1983లోనే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల సిస్టమ్ ఒకటి తయారుచేస్తానని గ్నూ పథకం ప్రకటించి ఉన్నాడు. 1991 నాటికి గ్నూ వాళ్ళ పనిముట్లు చాలావరకు సిద్ధం, వాటిని నడిపే కెర్నల్ మాత్రం లేదు. ఆ లోటు లినక్స్ తీర్చింది. 1992లో టోర్వాల్డ్స్ తన పనిని స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ లైసెన్సు కిందకి తెచ్చాడు. ఎవరైనా వాడొచ్చు, లోపల చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మార్చి పంచినవాడు ఆ మార్పుని కూడా అదే షరతు మీద ఇవ్వాలి. ఈరోజు మనం పైసా కట్టకుండా, ఎవరినీ అడక్కుండా, సంఘం కంప్యూటర్లు అన్నిటికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో లినక్స్ వేసుకోగలగడానికి ఆ లైసెన్సే ఆధారం.

రెండోది మన దేశంలో జరిగింది. భారతీయ లిపుల్ని కంప్యూటర్లో ఎలా దాచాలో చెప్పే ఇస్కీ ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఖాయం చేసింది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికని కూడా అందులో చేర్చింది.

మూడోది, ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే అంకెల పట్టిక కట్టాలన్న యూనికోడ్ మొదటి సంచిక. అది కూడా 1991లోనే అచ్చయింది. అందులో తెలుగుకి 128 గళ్ళ స్థలం కేటాయించారు.

అంటే పట్టిక సిద్ధం, కీబోర్డు సిద్ధం. అయినా మామూలు కంప్యూటర్ మీద తెలుగు రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. అక్షరానికి అంకె ఇచ్చినంత మాత్రాన చాలదు. 'స్త్రీ' అని రాయాలంటే స, త, ర, గుడిదీర్ఘం కలిసి ఒక రూపం కట్టాలి. ఆ కట్టే పని తెలిసిన సాఫ్ట్‌వేర్ ఇళ్ళకి రావాలి. విండోస్‌లో అది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. లినక్స్ వైపు రెడ్ హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఫాంట్లలో తెలుగు ఒకటి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఇప్పటికీ డెబియన్ లినక్స్‌లో దొరుకుతాయి.

మరి ఆ మధ్య పదేళ్ళు మనవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. శుభలేఖలు, సావనీర్లు, సభ్యుల పట్టికలు, గుడి చందాల లెక్కలు అన్నీ డీటీపీ షాపుల్లో తయారయ్యాయి. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు వాడి పేజ్‌మేకర్‌లో కూర్చారు. ఆ ఫాంట్లు పనిచేసిన తీరు తెలుసుకుంటే మన చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. అప్పటి ఫాంటులో 256 గళ్ళకి మించి ఉండవు. ఆ గళ్ళు ఇంగ్లీషు అక్షరాలకీ, గుర్తులకీ చెందినవి. తెలుగు ఫాంటు చేసినవారు ఆ గళ్ళలోనే తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తు ఒక చోట పెట్టారు. తెర మీద కనిపించేది తెలుగు. ఫైలులో దాఖలయ్యేది ఇంగ్లీషు అక్షరాల అంకెలు. ఇంగ్లీషుకి తెలుగు వేషం కట్టినట్టు. అందులోనూ ఒక్కొక్కరి అమరిక ఒక్కోలా ఉండేది.

ఆ ఫాంటు ఉన్నంతకాలం వేషం నిలుస్తుంది. విండోస్ తుడిచి లినక్స్ వేసిన మర్నాడు ఆ ఫైలు తెరిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. లినక్స్ చెడగొట్టింది అనుకుంటారు. ఫైలులో మొదట్నించీ ఉన్నది అవే. పేజ్‌మేకర్ ఫైళ్ళైతే సరిగా తెరుచుకుంటాయన్న నమ్మకం లేదు, ఎందుకంటే దానికి లినక్స్ రూపం లేదు. విండోస్‌లో కూడా 2001లో వచ్చిన ఏడో సంచికే దాని ఆఖరిది.

అందువల్ల మొట్టమొదటి తయారీ జాబితా రాయడం. ఉద్యోగంలో బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే ముందు స్టాకు పట్టిక రాసి రెండు సంతకాలు పెట్టే పద్ధతి మనలో చాలామందికి తెలుసు. అలాగే కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఏముంది, ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకుంటుంది, ఏ ఫాంటులో ఉంది అని కాగితం మీద రాయాలి. తర్వాత మొత్తం ఫైళ్ళు, ఫాంట్లతో సహా, రెండు వేరువేరు బయటి డిస్కుల్లోకి కాపీ చేసి రెండు వేరువేరు ఇళ్ళలో ఉంచాలి.

పాత ఫాంటు ఫైళ్ళకి ఇంకో రెండు పనులున్నాయి. విండోస్ బతికి ఉండగానే ఒక్కొక్క ఫైలునీ పీడీఎఫ్‌గా మార్చాలి. ఫాంటుని లోపలే పొదిగి ఉంచుతుంది కాబట్టి పీడీఎఫ్ ఎక్కడైనా కంటికి తెలుగుగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక పేరు వెతికితే దొరకదు, ఎందుకంటే అడుగున ఇంకా పాత అంకెలే. రెండో పని, ఫైలులోని మాటల్ని యూనికోడ్‌లోకి మార్చడం. మార్పిడి సాధనాలు ఉన్నాయి. అవి వత్తుల దగ్గర, మహాప్రాణాల దగ్గర తప్పుతాయి. ప్రతి పేజీని ఒక మనిషి చదివి దిద్దాల్సిందే.

అసలు కష్టం ఇక్కడుంది. దిద్దేవారు ఎవరు? నాలాగా తమిళ మాధ్యమంలో చదివినవాళ్ళకి క, ఖ, గ, ఘ నాలుగూ చిన్నప్పుడు ఒకే అక్షరం. ఘంటసాల ఖంటసాల అయితే కన్ను పట్టుకోదు. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి భాషగా దశలవారీగా వచ్చింది. ఆ చట్టం మంచిచెడ్డల మీద మన సంఘాల్లో చర్చ చాలా జరిగింది, ఇక్కడ దాని జోలికి పోను. ఫలితం మాత్రం కళ్ళముందుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. అక్షరాలు బాగా వచ్చినవాళ్ళు డెబ్బై దాటుతున్నారు. మైక్రోసాఫ్ట్ గడువు పోతే ఇంకో సిస్టమ్ ఉంది. ఈ పెద్దల కళ్ళు పనిచేసే గడువు పోతే ఇంకో దారి లేదు. కాబట్టి లినక్స్ సంగతి ఎలా ఉన్నా, ఈ మార్పిడి ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇక లినక్స్ వేయడానికి వద్దాం. సభ్యులకి వంశవృక్షాలంటే ఇష్టం గనుక అలాగే చెబుతాను. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. డెబియన్ నుంచి 2004 అక్టోబర్లో ఉబుంటు పుట్టింది. ఉబుంటు నుంచి 2006లో లినక్స్ మింట్ పుట్టింది. మన చెన్నై సీడాక్ వాళ్ళు 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ సంతానమే. 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకి ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కన ఈ బాస్ ఉండేది. మీ ఇంటి అటక మీద అలాంటి ల్యాప్‌టాప్ ఉంటే, లినక్స్ మీ ఇంటికి ఎప్పుడో వచ్చి కూర్చున్నట్టే. కొత్తవారికి మింట్ తేలిక. 2 జీబీ మెమరీతో నడుస్తుంది, 4 ఉంటే హాయి. డిస్కులో కనీసం 20 జీబీ ఖాళీ కావాలి, 100 ఉంటే మంచిది.

1993లో స్లాక్‌వేర్ అనే లినక్స్ వేయాలంటే ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి, పనిచేస్తుందో లేదో చివర్లో తెలుస్తుంది. 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నోపర్, నోపిక్స్ అని ఒక సీడీ తెచ్చాడు. హార్డ్ డిస్కుని ముట్టుకోకుండా సీడీ నుంచే లినక్స్ నడిచేది. ఈనాటి పెన్‌డ్రైవ్ పద్ధతి దాని వారసత్వమే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్ తెరిచి, రెండు మూడు రోజులు చూడండి. వైఫై వస్తోందా, ప్రింటర్ కదులుతోందా, శబ్దం వినబడుతోందా? అన్నీ సరే అంటేనే ముందుకు వెళ్ళండి. పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నవి చెరిగిపోతాయని మరవకండి.

డౌన్‌లోడ్ చేసిన ఫైలు సరైనదేనా అని చూసుకోవడానికి ప్రతి లినక్స్ సైటూ చెక్‌సమ్ అనే పొడుగాటి సంఖ్య ఇస్తుంది. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైటులోకే దొంగలు చొరబడి, కలుషితమైన ఫైలుకి దారి మళ్ళించారు. అందుకే ఆ సంఖ్యతో పాటు దాని డిజిటల్ సంతకాన్ని కూడా పోల్చి చూడమంటారు. మొదటిసారి ఇది తెలిసిన కుర్రవాణ్ణి పక్కన పెట్టుకుని చేయండి.

డిస్కు విభాగాల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. టోర్వాల్డ్స్ తొలిరోజుల్లో మోడెమ్‌కి పంపాల్సిన ఆదేశాన్ని పొరపాటున హార్డ్ డిస్కుకి పంపి, అప్పటిదాకా తాను వాడుతున్న మినిక్స్ విభాగాన్ని పాడుచేసుకున్నాడు. లినక్స్ పుట్టించినవాడికే తప్పలేదు. ఇన్‌స్టాలర్ ఏ డిస్కు అని అడిగినప్పుడు దాని పేరు, సైజు గట్టిగా పైకి చదివి, పక్కవారిచేత సరే అనిపించుకుని నొక్కండి. విండోస్‌ని కూడా ఉంచుకోదలిస్తే, లినక్స్‌కి కావలసిన ఖాళీ స్థలాన్ని విండోస్ లోపలి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తీయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసి దాచండి, లేకపోతే మీ డిస్కు మీకే తలుపు తీయదు. టాలీ లాంటివి విండోస్ కోసం రాసినవి కనుక, లెక్కలు దాని మీద నడిచే సంఘాలు ఒక విండోస్ మిషన్ ఉంచుకోవడమే మేలు.

చివరగా తెలుగు టైపింగ్. ఇక్కడ 1991 మళ్ళీ మనకి అక్కరకొస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అన్ని భారతీయ లిపులకీ స్థానాలు ఒకటే. తమిళ క ఏ మీట మీద ఉందో తెలుగు క కూడా అక్కడే. తమిళ ఇన్‌స్క్రిప్ట్ చేతికి వచ్చిన పిల్లలు తెలుగుకి మారితే కొత్తగా నేర్చుకోవాల్సింది తమిళంలో లేని ఖ, గ, ఘ లాంటివే. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్ళకి లినక్స్ కీబోర్డు పట్టికలో ఆర్టీఎస్ అని ఒకటి ఉంటుంది. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు, ఇంటర్నెట్‌లో తెలుగు మాట్లాడుకోవడానికి కట్టుకున్న పద్ధతి అది. సొంత ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు చేసిన పని మనలాంటి వాళ్ళకే పనికొస్తోంది.

కాబట్టి ఒక మనవి. ఏ శాఖవారూ విండోస్ తుడిచే ముందు ఫైళ్ళ జాబితా ఒకటి రాసి సంఘానికి పంపండి. అందులో పాత ఫాంటులో ఉన్నవాటికి గుర్తు పెట్టండి. తెలుగు తప్పుల్లేకుండా చదవగల పెద్దలు ఒక్కొక్కరు నెలకి పది పేజీలు దిద్దడానికి ఒప్పుకుంటే, వారి పక్కన తెలుగు అక్షరాలు నేర్చుకోవాలనుకునే ఒక కుర్రవాణ్ణో, అమ్మాయినో కూర్చోబెడదాం. పేజీ దిద్దడమూ అవుతుంది, అక్షరాలు చెప్పడమూ అవుతుంది. ఆ పని పూర్తయిన శాఖకి పెన్‌డ్రైవ్ తీసుకుని నేనే వస్తాను.