మాట పూర్తయ్యేదాకా ఆగుదాం



నోట మాట రానివాళ్ళు సాధనాల సాయంతో ఎలా మాట్లాడుతూ వచ్చారో ఈసారి రాస్తున్నాను. మన మీటింగులకు కూడా పనికొచ్చే చరిత్ర ఇది.

1985లో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు న్యుమోనియా వచ్చి, గొంతుకు ఆపరేషన్ చేయడంతో మాట పోయింది. మొదట్లో ఎదుటివాళ్ళు కార్డు మీద అక్షరాలు చూపిస్తుంటే, కావలసిన అక్షరం దగ్గర కనుబొమ్మ ఎగరేసేవారు. తరువాత అమెరికాలో వాల్టర్ వోల్టోజ్ తయారుచేసిన ఈక్వలైజర్ అనే ప్రోగ్రాం అందింది. తెర మీద పదాలు కదులుతుంటే బటన్ నొక్కి ఏరుకోవాలి, తరువాత యంత్రం పైకి చదువుతుంది. చెయ్యి బాగా ఆడిన రోజుల్లో నిమిషానికి 15 మాటలు. మనమైతే నిమిషానికి నూరు దాటేస్తాం.

1954 దాకా మన యానాన్ని ఏలిన ఫ్రాన్సులో ఇంకో సంగతి జరిగింది. 1995లో పక్షవాతం వచ్చిన పత్రికా సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీకి ఎడమ కనురెప్ప మాత్రమే ఆడేది. సహాయకురాలు అక్షరాలు ఒక్కొక్కటే చదివేవారు, ఆయన రెప్ప ఆర్పిన అక్షరం రాసుకునేవారు. ఫ్రెంచిలో ఎక్కువ వాడే అక్షరాలు ముందు వచ్చేలా వరస మార్చుకున్నారు. అలా ఒక పుస్తకమే పూర్తయి 1997లో అచ్చయింది. అక్కడ యంత్రం లేదు, వినేవాళ్ళ ఓపికే యంత్రం.

మరి అక్షరాలు రాని పిల్లలో? చెన్నైలో అజిత్ నారాయణన్ 'ఆవాజ్' తయారుచేశారు. నాకు, నీళ్ళు, కావాలి అని బొమ్మలు నొక్కితే అది పలుకుతుంది. ఇప్పుడు తెలుగులోనూ ఉంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పద్ధతులను కూడా సంభాషణగానే లెక్కించింది. కానీ మనం ఏం చేస్తాం? సగంలో అందుకుని మనమే వాక్యం పూర్తిచేస్తాం. లేకపోతే పక్కనున్న తల్లిని అడుగుతాం. అప్పుడు తెలిసేది మన ఊహే గాని ఆ మనిషి మనసు కాదు. రైల్వేలో పాత తంతి బాబులు అవతలి టకటక ఆగేదాకా వినేవారు, ఊహించి రాస్తే బండికే ప్రమాదం.

మన మీటింగులో ఒక్కొక్కరికి మూడు నిమిషాలకు గంట కొడతాం. మనకది మూడు వందల మాటలు, పరికరంతో మాట్లాడేవాళ్ళకు నలభై అయిదు. అందుకే నా మనవి: వాళ్ళకు గంట వద్దు. ముందే టైప్ చేసి తెచ్చుకున్నా ఒప్పుకుందాం. మీ అభిప్రాయం చెప్పండి.