కానన్

స్టార్ వార్స్ అభిమానుల వాదాల్లో తరచు దొర్లే మాట 'కానన్'. గ్రీకులో 'కనోన్' అంటే కొలకర్ర. కొలత క్రమంగా కట్టుబాటయింది; చర్చి ఆమోదించిన గ్రంథాల పట్టికకూ అదే పేరు వచ్చింది. అరబ్బీ మీదుగా మన కచేరీలకు చేరిన 'కానూను' దీని చుట్టమే. 1911లో ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథలను బైబిలు పండితుల ఫక్కీలో సరదాగా పరిశీలించాక, ఈ మాట కల్పిత కథలకూ అంటింది.

ఒకే కథ సినిమా, నవల, కామిక్స్, వీడియో గేముల్లో సాగుతుంటే, ఏది జరిగినట్టు లెక్కో కానన్ తేలుస్తుంది. 2014 ఏప్రిల్‌లో స్టార్ వార్స్ నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ పాత నవలలను, కామిక్స్‌ను 'లెజెండ్స్' పేరిట పక్కన పెట్టింది. 1991 నాటి తిమోతీ జాన్ నవలలో పుట్టిన ప్రతినాయకుడు థ్రాన్ అలా వెలిపడి, 2016లో 'రెబెల్స్' ధారావాహికతో తిరిగి లెక్కలోకొచ్చాడు. తెలుగులో దీనికి 'ప్రమాణం' బాగా అతుకుతుంది. అందులోనూ ఉన్నది కొలతే.