నిప్పు పెట్టకముందే మండించి చూసే లెక్క

ద్రవ ఇంధన ఇంజనైతే వాల్వు మూస్తే మంట ఆగుతుంది. ఘన ఇంధన మోటారుకు ఆ వీలు లేదు. అంటుకుందంటే చివరిదాకా మండాల్సిందే. అందుకే ఇక్కడ ఇంజనీరు పని నిప్పుకి చాలా ముందే, లెక్కలతో మొదలవుతుంది.

ఆ లెక్కకు పునాది పాతదే. పీడనంతోపాటు ఇంధనం కాలే వేగం ఎలా పెరుగుతుందో 1893లోనే ఫ్రాన్సులో పాల్ వియే సూత్రం కట్టాడు. చిక్కంతా అందులోనే ఉంది. పీడనం పెరిగితే మంట జోరందుకుంటుంది, మంట జోరందుకుంటే పీడనం ఇంకా పెరుగుతుంది. మరి మోటారు పేలిపోదా? 1940లో కాలిఫోర్నియాలో థియొడోర్ ఫాన్ కార్మన్, ఫ్రాంక్ మాలినా దీన్ని సమీకరణాలతో తేల్చారు. మండే ఉపరితలానికీ, వాయువులు బయటికి పోయే నాజిల్‌లోని ఇరుకైన గొంతుకూ ఉన్న నిష్పత్తి మారకపోతే పీడనం నిలకడగా ఉంటుందని చూపారు. కంప్యూటర్ లేకపోయినా ఈ రంగంలో తొలి సిమ్యులేషన్ అదేనని చెప్పడం న్యాయం.

తర్వాత గ్రెయిన్ (మోటారులోని ఘన ఇంధనపు దిమ్మ) నడుమ నక్షత్రాకారపు రంధ్రం వచ్చింది. కాలేకొద్దీ దాని ఆకారం మారుతుంది, దానితో థ్రస్టూ మారుతుంది. కాగితం మీద పొరపొరగా గీసి కొలిచే ఆ పనిని కంప్యూటర్ అందుకుంది. నాసా లూయిస్ కేంద్రంలో శాన్‌ఫర్డ్ గార్డన్, బానీ మెక్‌బ్రైడ్ రాసిన ప్రోగ్రాము మంటలో ఏయే వాయువులు ఎంతెంత ఉంటాయో లెక్కగట్టింది. 1970లో బెక్‌స్టెడ్, డెర్, ప్రైస్ ఇంధనంలో ఆక్సిజన్ అందించే అమోనియం పెర్‌క్లోరేట్ రేణువు చుట్టూ మూడు రకాల మంటలను ఊహించి నమూనా కట్టారు.

ఇంత చేసినా లెక్కకు అందని సంగతొకటి 1991 ఏప్రిల్ 1న బయటపడింది. అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో టైటన్-4 రాకెట్ కొత్త ఘన ఇంధన బూస్టరు స్టాటిక్ టెస్టులో (నేలమీద బిగించి మండించే పరీక్షలో) రెండు సెకన్లైనా గడవకముందే పేలిపోయింది. ప్రొపెల్లెంటు రబ్బరులా సాగే పదార్థం. బూస్టరు సెగ్మెంట్ల మధ్య సందు దగ్గర దాని అంచు వాయు ప్రవాహంలోకి వంగి దారిని ఇరుకు చేసింది. ఎగువన పీడనం పెరిగింది. ఆ పీడనానికి అంచు మరింత వంగింది. వాయు ప్రవాహం ఒక లెక్క, గ్రెయిన్ బలం ఇంకో లెక్క అని విడదీసి చూస్తే ఈ ప్రమాదం కనబడదు. రెండూ ఒకదాన్నొకటి మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి కలిపే లెక్కించాలి. ఈ రంగం నేర్చుకున్న అతి ఖరీదైన పాఠం ఇదే. 1997లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన రాకెట్ సిమ్యులేషన్ కేంద్రం ఆ బాటనే పట్టింది. మంట, ప్రవాహం, గ్రెయిన్ వంపు అన్నింటినీ కలిపి సూపర్‌కంప్యూటర్ల మీద నడిపింది.

మన శ్రీహరికోటలోనూ లెక్కకు తీర్పు చెప్పేది టెస్ట్ స్టాండే. గగన్‌యాన్ కోసం మలిచిన హెచ్‌ఎస్200 మోటారును 2022 మే 13న అక్కడ 203 టన్నుల ఇంధనంతో 135 సెకన్లు మండించారు, దాదాపు 700 పారామీటర్లు నమోదు చేశారు. ఇలాంటి పరీక్ష తర్వాత ఇంజనీరు ముందు రెండు పీడన రేఖలుంటాయి: కంప్యూటర్ ముందే గీసింది ఒకటి, సెన్సార్లు గీసింది మరొకటి. అవి విడిపోయిన చోట కాలే వేగమా, నాజిల్ గొంతు అరుగుదలా అని వెతికి, కోడ్‌లో ఆ విలువను సరిదిద్ది, మోటారును మళ్లీ మొదటి మిల్లీసెకను నుంచి మండిస్తాడు.