క్యాన్సర్ కృశత్వం

క్యాన్సర్ రోగి ఒంట్లో కండ, చాలాసార్లు దానితోపాటు కొవ్వు, కరిగిపోయే స్థితి. వైద్యులు కెకెక్సియా అంటారు. క్లోమం, జీర్ణాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువ. పోషకాహారం ఒక్కదానితో పోయిన కండ పూర్తిగా తిరిగి రాదు. సరిగా తినడం లేదని ఇంటివాళ్లు రోగిని కసురుకుంటారు గానీ, ఆకలి చచ్చిపోవడమూ జబ్బులో భాగమే.

2011 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే దీన్ని కృశత్వంగా లెక్కిస్తారు. ముందే బక్కగా ఉన్నవారికి, కండ తగ్గినవారికి 2 శాతం దాటితే చాలు.

రక్తంలో సీఆర్‌పీ అనే ప్రొటీన్ పెరగడం, ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం ఈ స్థితికి పాత సూచికలు. ఇవి ఇన్ఫెక్షన్లలోనూ మారతాయి కాబట్టి వాటినే నమ్ముకోలేం. ఇప్పుడు దృష్టంతా జీడీఎఫ్15 అనే ప్రొటీన్ మీద ఉంది. మెదడు కాండంలోని జీఎఫ్ఆర్ఏఎల్ గ్రాహకానికి అతుక్కుని అది ఆకలిని అణచేస్తుందని 2017లో తేలింది. దాన్ని అడ్డుకునే మందు పాన్సెగ్రొమాబ్‌ను 187 మందిపై పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. అత్యధిక మోతాదు అందుకున్నవారి బరువు 12 వారాల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే సుమారు 2.8 కిలోలు పెరిగింది. ఆకలి పెంచే అనమొరెలిన్‌ను 2021లో జపాన్ అనుమతించింది. యూరప్ అంతకుముందే కాదంది.

కృశత్వానికి పరిశీలిస్తున్న మరో దారి నానోకణాల మందులు. అవి క్యాన్సర్‌కు కొత్త కావు: కొవ్వుపొరలో చుట్టిన డాక్సిల్ 1995లో, ఆల్బుమిన్‌కు కట్టిన పాక్లిటాక్సెల్ 2005లో అమెరికాలో అనుమతి పొందాయి. కృశత్వానికి మాత్రం అవి ఇంకా ప్రధానంగా ఎలుకల ప్రయోగాల దశలోనే ఉన్నాయి. కండను పెంచే ఫోలిస్టాటిన్ తయారీకి కావలసిన ఎంఆర్ఎన్ఏను కొవ్వు నానోకణాల్లో పెట్టి పంపడం వాటిలో ఒకటి.